కర్టెన్ కడ్డీకి గ్లూకోజ్ సీసా

మా అమ్మ చేతి సూదికి మా జిల్లాలో పేరుండేది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్లూ పిల్లల తల్లులు ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవారు. ఎముకకు తోలు అంటుకుపోయిన ముసలివాళ్ల చేతుల్లో కూడా ఒక్కసారికే నరం పట్టేది. గుచ్చడం అయిపోయి దూదితో రుద్దుతుంటే "ఇంకా వేయలేదా అమ్మా?" అని అడిగినవాళ్లను నేను కళ్లారా చూశాను. రిటైరై తెల్లాపూర్‌లో మా దగ్గరికి వచ్చాక ఆ చేతికి పని లేకుండా పోయింది. పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఎవరికి సూది వేస్తుంది? నాకే వేయాల్సి వస్తుందని మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

నేను లావుపాటి మనిషిని. బొద్దు, పుష్టి లాంటి మర్యాద మాటలు నాకొద్దు. హైటెక్ సిటీలో మా ఆఫీసు కుర్చీ నుంచి నేను లేస్తే, అది కూడా నాతోపాటు కాస్త లేచేది. షుగరూ, బీపీ, నిద్రలో ఊపిరి ఆగిపోవడం, అన్నీ ఉన్నాయి. చేయని డైట్ లేదు. ప్రతి డైట్ తర్వాతా ఇంకాస్త పెరిగాను. చివరికి గచ్చిబౌలి వైపు ఒక ఆసుపత్రిలో పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీయించుకున్నాను. మిగిలేది అరటిపండంత ఉంటుందని డాక్టర్ చేత్తో చూపిస్తే నవ్వొచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ వండిన కోడికూర, పులావు రెండుసార్లు పెట్టించుకునేవాణ్ణి. అలాంటి నాకు అరటిపండంత పొట్ట!

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ మాట చెప్పకపోతే పాపం. మొదట నీళ్లు, తర్వాత పల్చటి సూపు, ఆ తర్వాత మెత్తగా మెదిపిన పప్పు. ఆ పప్పు దగ్గరే మొదలైంది. మూడో చెంచా తిరిగి వచ్చేది. కొన్నాళ్లకి రెండోది. ఆ తర్వాత విటమిన్ మాత్ర కూడా నిలవలేదు. ఆసుపత్రి డైటీషియన్‌కి ఫోన్ చేస్తే, "కొంతమందికి మొదట్లో అలా ఉంటుందండీ, నిదానంగా తినండి" అంది. నిదానంగానే తిన్నాను, నిదానంగానే కక్కుకున్నాను. బరువు తూచే మిషన్ మీద ముల్లు మాత్రం రోజూ కిందికే దిగుతోంది. దాని కోసమే కదా ఇదంతా అని నా భార్యా నేనూ ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆఫీసుకు తిరిగి వెళ్లిన రోజు పెళ్లికొడుకు మర్యాదలు జరిగాయి. మా టీంలో వరంగల్ అబ్బాయొకడు నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏందన్నా, గుర్తువట్టలేదు నేను! గింత సన్నగైనవ్. జర ఆ డాక్టర్ నంబరియ్యి, మా బావకు గూడ చెప్త."

లిఫ్టులో, క్యాంటీన్‌లో, చర్చి మెట్ల మీద, ఎవరు కనిపించినా అదే సంతోషం. దేవుడు నీకు కొత్త శరీరం ఇచ్చాడన్నారు ఒకావిడ. పెళ్లి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకున్నాను. దానికి కూడా అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. వాళ్లందరూ మెచ్చుకున్నది ఒక జబ్బుని. నేనూ తల ఊపి థాంక్స్ చెప్పింది ఆ జబ్బు తరఫునే.

అమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. నేను సోఫాలో కూర్చుంటే ఎదురుగా నిలబడి చూసేది.

"వీడు సన్నబడటంలేదమ్మాయ్, ఎండిపోతున్నాడు" అంది నా భార్యతో.

మేం నవ్వేశాం. కొడుకు తినకపోతే ఏ తల్లికైనా అలాగే ఉంటుందనుకున్నాం.

తర్వాత పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు కారు దిగి ఆఫీసు లాబీ సగం దాటాక సెక్యూరిటీ అతను వెనకనుంచి పిలిచాడు. నా చెప్పొకటి అతని చేతిలో ఉంది. అది కాలి నుంచి ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు. ఆ వారమే కంప్యూటర్‌లో ఒక్కో లైనూ రెండుగా కనిపించసాగింది. ఇంత బరువు తగ్గితే కళ్లద్దాల నంబరు మారుతుందని ఎవరో అన్నారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

శనివారం మధ్యాహ్నం సోఫాలోంచి లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. కుప్పలా కూలబడ్డాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"నీరసంరా నాన్నా అది. ఒంట్లో చుక్క సత్తువ లేదు. ఒక్క బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటావు."

"ఆసుపత్రికి వెళ్దాం అత్తయ్యా" అంది నా భార్య.

"వెళ్దురుగాని. ముందు మనిషి లేచి నిలబడాలిగా."

మావాళ్లకి గ్లూకోజ్ అంటే ఎంత నమ్మకమో కొత్తగా చెప్పక్కర్లేదు. జ్వరమొచ్చినా, పరీక్షల ముందు కళ్లు తిరిగినా, పొలంలో ఎండదెబ్బ తగిలినా ఒక బాటిల్. బాటిల్ పెట్టని డాక్టర్ దగ్గరికి మా ఊళ్లో రెండోసారి వెళ్లేవారు కాదు. అమ్మ తన ఉద్యోగమంతా ఆ సీసాలు తగిలిస్తూ, మనుషులు లేచి ఇంటికి నడిచిపోవడం చూసింది. అందుకే తటపటాయించలేదు. బరువుతోపాటు నా షుగర్ కూడా దిగిందని ఆసుపత్రివాళ్లు దాని మాత్రలు ఎప్పుడో ఆపించేశారు. తానే కిందికెళ్లి మందుల షాపులో రెండు గ్లూకోజ్ బాటిళ్లు, సూదీ, ట్యూబూ తెచ్చింది. వచ్చేటప్పుడు ఆమె నడక చూసి ఆశ్చర్యపోయాను. పదేళ్లు తగ్గినట్టుంది. బాల్కనీ తలుపు దగ్గరి కర్టెన్ కడ్డీకి బ్యాండేజీ గుడ్డతో సీసా కట్టింది. ఎండిపోయిన నా చేతిలో ఒక్కసారికే నరం పట్టింది. నుదుటి మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇలాగే కిటికీ ఊచకి సీసా కట్టింది. ఆ రోజులు గుర్తొచ్చి నాకు హాయిగా అనిపించింది. చుక్కలు పడుతుంటే చూస్తూ పడుకున్నాను. భయమనేదే లేదు. ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ హాయే.

రెండో సీసా సగమయ్యేసరికి కడ్డీకి రెండు సీసాలు వేలాడుతూ కనిపించాయి. పక్కన ఇద్దరమ్మలు.

"నాన్న ఇంకా రాలేదేంటమ్మా?" అని అడిగానట.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నా ముఖం తుడుస్తున్న అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయిందట. ఇక్కడినుంచి నాకేమీ గుర్తులేదు. నా భార్య చెప్పింది చెబుతున్నాను. ఆమె అమ్మనేమీ అడగలేదు. సూది తీయించి, వాచ్‌మన్‌ని పిలిచి, నన్ను కుర్చీతో సహా కిందికి దింపించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా నేను ప్రతి సిగ్నల్ దగ్గరా నాన్న గురించే అడిగానట.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ వాంతుల సంగతంతా విని, ఇంట్లో ఏమైనా ఇచ్చారా అని అడిగింది. అమ్మ ముందుకొచ్చి, ఒక నర్సు డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టే చెప్పింది.

"గ్లూకోజ్ పెట్టానండి. ఒకటి పూర్తిగా, రెండోది సగం. నేనే పెట్టాను."

డాక్టరమ్మ ముందు నాకు విటమిన్ ఇంజెక్షన్ వేయించిందట. తర్వాత మెల్లగా వివరించింది. అన్ని రోజుల వాంతులతో ఒంట్లో బి-వన్ విటమిన్ అడుగంటిపోయింది. అది లేనివాడికి గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ మిగిలిన కాస్తా ఖర్చైపోతుంది, దెబ్బ మెదడుకు తగులుతుంది. ముందు విటమిన్, ఆ తర్వాతే గ్లూకోజ్.

"తెల్వక చేసిన్రు. ఇంట్ల ఎవరున్నా గిట్లనే చేస్తరు. మీరు పరేషాన్ గాకుండ్రి అమ్మా" అంది చివర్లో.

ఆ ఓదార్పే అమ్మను కూల్చేసింది. ఇంట్లో ఎవరున్నా చేసే పని చేయడానికి ఆమె ఉత్త ఇంట్లో మనిషి కాదు కదా, నర్సు.

విటమిన్ ఎక్కించిన కొద్ది రోజులకే చూపు కుదురుకుంది. నాన్న లేడన్న సంగతి తెలిసింది. మతిమరుపు చాలావరకు పోయింది. కాళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. మోకాళ్ల కింద ఎవరివో కాళ్లు తగిలించినట్టుండేది. నరాల సంగతి చెప్పలేమన్నారు. కొందరికి తిరిగి వస్తుందట, కొందరికి ఉన్నచోటే ఆగిపోతుందట. తిమ్మిరి మోకాలు దాటి పైకి వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు.

ఇంటికొచ్చాక తొడకు విటమిన్ ఇంజెక్షన్లు వేయడానికి నిజాంపేట నుంచి ఒక నర్సమ్మాయి వచ్చేది. ఆమె బెల్ కొట్టగానే అమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకునేది. ఆ అమ్మాయి వెళ్లేదాకా నీళ్ల చప్పుడు ఆగేది కాదు. అమ్మ థర్మామీటర్ కూడా ముట్టుకోవడం మానేసింది. భోజనాల బల్ల దగ్గర ప్రార్థన నా భార్యనే చేయమనేది. కర్టెన్ కడ్డీకి బ్యాండేజీ గుడ్డ ముడి ఇంకా అలాగే ఉంది. దాన్ని విప్పుదామని మాలో ఎవరమూ అనలేదు. నాకు అమ్మ మీద కోపం లేదు. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. నన్ను చూసి భయపడింది ఆమె ఒక్కతే.

ఒకరోజు పెద్ద వాన. రోడ్డు మునిగిందని, రాలేనని నర్సమ్మాయి ఫోన్ చేసింది. నా భార్య టీచరు, ఆ వేళకి స్కూల్లో ఉంది. నేను వంటింటి వైపు తిరిగి పిలిచాను.

"అమ్మా, ఇంజెక్షన్ నువ్వు వెయ్యి."

"నా వల్ల కాదురా."

"నీకంటే బాగా ఎవరేస్తారు?"

చాలాసేపటికి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని మందు పేరు పైకి చదివింది. మళ్లీ చదివింది. నా చేతికిచ్చి నన్నూ చదవమంది. సిరంజిలోకి మందు లాగి, గోటితో మీటి గాలి బుడగ తీసేసింది. నేను ముఖం తిప్పుకుని అద్దాల మీద వాన చూస్తూ సూది కోసం ఎదురుచూశాను. ఎంతకీ గుచ్చదేమిటని ఇటు తిరిగేసరికి ఆమె దూదితో రుద్దుతోంది.

నా ముఖం చూసి అమ్మకు అర్థమైపోయింది. అంతా అయిపోయాక ఇంకా వేయలేదా అని చూసే ముఖాలు ఆమెకు కొత్త కాదు. ఆ శనివారం తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

"చెయ్యి ఇంకా పోలేదురా నాది" అంది.

"పోలేదమ్మా" అన్నాను.

సిరంజి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మొన్న అదే తొడకు నర్సమ్మాయి సూది చురుక్కుమని దిగింది. నేను అమ్మ రుద్దిన చోట వేళ్లతో గట్టిగా గిల్లాను. గిల్లినట్టే తెలియలేదు. లోపల అమ్మ చాలా రోజుల తర్వాత ఏదో చర్చి పాట అందుకుంది. నేను ఇంకాస్త పైన గిల్లి చూసుకున్నాను.