సముద్రానికి ముందు ఒక బావి

మా డ్రిల్లు సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, అండమాన్ ప్రయాణానికి పిల్లల మందులు సర్దుతుంటే పామిడి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది సారు వాళ్ల ఇంటావిడ. బడిలో చదివిన రోజుల నుంచీ మేమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "మీ సారు లేడు పాపా. కాఫీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్లే పోయినాడు" అంది. నా చేతిలో జ్వరం మందు సీసా ఉంది. దాని మూత తీస్తూ పెడుతూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఆయన మీకెవరికీ తెలియకపోవచ్చు. పామిడిలో మా బడికి డ్రిల్లు మాస్టారు. గ్లాసులో నీళ్లు సగం తాగి వదిలేసిన పిల్లవాణ్ని మైదానం చుట్టూ ఒక రౌండు పరిగెత్తించేవారు. వేసవి సెలవుల్లో ఊరి బయట చీనీ తోట, అదే బత్తాయి తోట బావిలో పిల్లలకు ఈత నేర్పేవారు. "పెన్నలో ఇసక తప్ప ఏముండాది సార్, ఈళ్లకు ఈతెందుకప్పా?" అని పెద్దవాళ్లు నవ్వేవారు. "నీళ్లు లేని ఊర్లోనే నేర్పల్ల. ఎప్పుడన్నా నీళ్లొచ్చినాయంటే మనోళ్లకు ఏం జేయల్లో తెలీదు" అనేవారాయన.

ఆడపిల్లలను కూడా దించేవారు. నేను మాత్రం దిగలేదు. ఏడో తరగతిలో మూడో మెట్టు దాకా పోయి, మోటారు పైపును కావలించుకుని ఊరంతా వినపడేలా ఏడ్చాను. సారు తిట్టలేదు. గట్టు మీద కూర్చోబెట్టి, "నువ్వు భయస్తురాలివి, కండ్లు పక్కకు తిప్పవు. నీళ్లలో ఉండే తలకాయలు లెక్కబెట్టు. ఒకటి తగ్గినా గట్టిగా అరువు" అన్నారు. ఆ ఎండాకాలమంతా నేను తలకాయలు లెక్కపెట్టాను.

భయం మాత్రం పోలేదు. దాన్ని పెంచి పెద్ద చేసుకున్నాను. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. కూతురికి ఎనిమిదేళ్లు, కొడుక్కి నాలుగు. మా ఆయనకు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. పిల్లలకు సముద్రం చూపిద్దామని ఉన్నట్టుండి అండమాన్‌కు టికెట్లు తీశారు. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి విమానం, ఆపైన ఓడ, ఓడ దిగితే పడవ. ఆయన సంబరంగా చెప్పుకుపోతుంటే, వీటిలో ఎక్కడెక్కడ పిల్లలు జారిపడొచ్చో నేను లెక్క వేస్తున్నాను. పడవకు కమ్మీలుంటాయా? చిన్నవాడి కొలతకు లైఫ్ జాకెట్ దొరుకుతుందా? ఫోన్లో అలల వీడియోలు చూసీ చూసీ నాకు అన్నం సయించడం మానేసింది. మా అత్త గోల ఇంకోటి. వాంతులకని నిమ్మకాయలు, దిష్టికని మిరపకాయలు మూట కట్టి పెట్టింది.

ఇక ఆగలేక పామిడి బస్సెక్కి సారు దగ్గరికి పోయాను. డెబ్బై దాటినా కాళ్లు దగ్గరపెట్టి నిటారుగా నిలబడే మాట్లాడతారాయన. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట ఇది: "ఆ దీవిలో తాగేదానికి నీళ్లుండాయా? చుట్టూ ఉప్పునీళ్లే గదమ్మే!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తాగే నీళ్ల సంగతి కాదు సార్. ఇంకా నెల టైముంది. పిల్లలకు ఈత నేర్పండి" అన్నాను.

"బిడ్డలకు నేర్పను. నీకు నేర్పుతా."

"నాకెందుకు సార్, ఈ వయసులో!"

"పడవ ఊగినప్పుడు బిడ్డలు నీళ్లను చూడరమ్మే. నీ మొగం చూస్తారు."

ఆ ఆదివారమే మొదలుపెట్టాం.

ప్రతి ఆదివారం అదే చీనీ తోట బావి. చుట్టుపక్కల బావులన్నీ ఎండి అందరూ బోరుబావులు వేసుకున్నా, దాంట్లో ఇంకా నీళ్లున్నాయి. సారు ఇంటావిడ, అమ్మ, నాకు తోడుగా వచ్చి మెట్ల మీద కూర్చునేది. సారు గుండెలోతు నీళ్లలో నిలబడి, నా వీపు కింద ఒక చెయ్యి పెట్టి, "నీళ్లతో కొట్లాడొద్దు. మంచమనుకొని పండుకో" అనేవారు. నేను కొట్లాడేదాన్నే. నీళ్లు మింగి దగ్గుతుంటే, "తాగినావా? తాగు తాగు, ఈ కరువులో ఎవురిస్తారు నీకు ఇన్ని నీళ్లు!" అని ఎగతాళి. చెయ్యి తీస్తారేమోనని నాకు ఒకటే బెదురు. "చెప్పకుండా తీయను. నా మాట మింద నమ్మకం లేదా?" అనేవారు. నిజంగానే ఒక్కసారి కూడా చెప్పకుండా తీయలేదు. నాలుగో ఆదివారం మెట్లెక్కుతూ, "వచ్చే వారం తీసేస్తా, సిద్ధంగా ఉండు" అన్నారు. ఆ వారం మధ్యలోనే ఆయన పోయారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన్ను చూడటానికి పోతూ బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. అయినా, ఇక ప్రయాణం మానుకోవచ్చు, సాకు దొరికింది అని మనసులో ఒక మూల ఊపిరి పీల్చుకున్నాను. అంత పెద్దాయన చావును నా పిరికితనానికి వాడుకోబోయాను. ఛీ, నేనేం మనిషిని అనిపించింది.

అన్నీ అయ్యాక అమ్మ పక్కన కూర్చుని, "మేం పోవడం లేదమ్మా. మనసు బాగాలేదు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మనసు బాగలేకనా, భయానికా?"

నేను తల వంచుకున్నాను.

"మీ సారు నీకు ధైర్యం చెప్పి ఇంటికొచ్చి ఏం జేస్తాండె, తెల్సునా? పొద్దున లేస్తూనే ఫోను పట్టుకొని, ఆ దీవిలో వాన ఎంత, గాలి ఎంత అని చూస్తాండె. ఈడ మబ్బు పట్టినా తలెత్తి చూసేవాడు కాదు. 'పసిబిడ్డలే, ఏమన్నా అయితే నేనే పంపిచ్చినట్లయితాది' అని నా పానం తీసినాడు. ఇంగ వద్దని చెప్పుపో అంటే, 'చెప్తే ఆ పిల్ల ఈ జన్మకు నీళ్లలో దిగదు' అన్నాడు. ఆయప్ప భయమంతా ఆయప్పే మింగినాడు, నీకు తెలీనీలేదు."

నేను ఆమె ఒళ్లో తలపెట్టుకుని భోరుమని ఏడ్చాను. నెల రోజులు ఆ మనిషి ముందు నిలబడి నా భయం ఒక్కటే చెప్పుకున్నాను. ఆయన మొహంలోకి సరిగ్గా చూసిందే లేదు.

నిన్న ఆదివారం. మా ఆయననూ పిల్లలనూ వెంటబెట్టుకుని బావికి పోయాను. తోట రైతు కూడా సారు దగ్గర ఈత నేర్చినవాడే. "నేనుండాను గదక్కా, దిగు" అని నీళ్లలోకి దిగి ఒక పక్కన నిలబడ్డాడు. చిన్నవాణ్ని మా ఆయన ఎత్తుకున్నారు. నేను వెల్లకిలా వాలాను. కాళ్లు మునిగాయి, ముక్కులోకి నీళ్లు పోయాయి. లేచి దగ్గాను. మళ్లీ వాలాను. మూడోసారో నాలుగోసారో చెవుల్లోకి నీళ్లు నిండి, లోకం మూగబోయింది. వీపు కింద ఎవరూ లేరు. గుండె దడదడమంటూనే ఉంది. అయినా నీళ్లు నన్ను మోశాయి.

లేచి చూస్తే, నా కూతురు చెప్పులు విప్పేసి ఆఖరి మెట్టు మీద నిలబడి ఉంది. నీళ్ల వైపు చూడటం లేదు. నా మొహంలోకే చూస్తోంది.

"నేను దిగనా మా?"

గురువారం మా ప్రయాణం. నా పళ్లు టకటకలాడుతున్నాయి, చలికో భయానికో చెప్పలేను. రెండు చేతులూ చాపి, "దా" అన్నాను.