దీపాల వేళ అడిగిన ఉప్పు

మొన్న బుధవారం సాయంత్రం, మూడో తరగతి చదువుతున్న మా మనవరాలు పరీక్ష కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విరేచనాలైన బిడ్డకు ఏం పట్టాలి అన్న ప్రశ్నకు పదికి పది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కొలతల్లో ఒక్క తప్పు లేదు. మెచ్చుకోబోతూ, ఆ జవాబును మళ్ళీ మొదటినుంచి చదివాను. అదే ప్రశ్నకు అవే మార్కులు నా చేత్తో వేసిన రోజు ఒకటి ఉంది.

అప్పటికి నా ఉద్యోగం మొదలై రెండేళ్ళ నాలుగు నెలలు. తర్లుపాడు దగ్గరి పల్లెలో బడి, ముప్పై ఒక్క మంది పిల్లలు, బడికి నూట పది అడుగుల దూరంలో మా అత్తగారూ నేనూ ఉన్న అద్దె ఇల్లు. తల్లీ తండ్రీ తెల్లవారకముందే పలకల గనికి పోతే, పసిపిల్లలు అవ్వల ఒళ్ళలో, అక్కల చంకల్లో పెరిగేవాళ్ళు. అక్కలంటే ఎనిమిదేళ్ళ వాళ్ళే. అటువంటి అక్క ఒకతె, ఏడాది నిండని తమ్ముణ్ణి చంకనేసుకునే నా మూడో తరగతికి వచ్చేది. ఆ వారం ఉప్పు చక్కెర నీళ్ళ పాఠం చెప్పాను. పలకల మీద రాయించాను, వల్లె వేయించాను, చెంచా మీద గుట్టగా ఉండకూడదని బెత్తం ఆడిస్తూ మరీ చెప్పాను. మంగళవారం పరీక్ష పెడితే ఆ పిల్ల ఒక్కతే అన్నీ సరిగ్గా రాసింది. ఆ రోజు దాని చంకలో తమ్ముడు లేడన్నది, మార్కులు వేస్తున్నప్పుడు కూడా నాకు తట్టలేదు.

దీపం పెట్టిన కాసేపటికి ఆ పిల్లే మా గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, రవ్వంత ఉప్పియ్యవా? మా అవ్వ ఉట్టి మీద పెట్టింది, అందటంల్యా."

మా అత్తగారు నవ్వింది. "ఏందే, దీపాలు పెట్టినాక ఉప్పడిగేది? ఇంట్లో లక్ష్మి పోతది. పొద్దున్నే రా, పో."

"పొద్దున్నే అంటే అట్ల కాదవ్వా..." అంటూ ఆ పిల్ల నా వైపు చూసింది. పుట్టింట్లోనూ అదే మాట విని పెరిగినదాన్ని కనుక, "పొద్దున ఇస్తాలే" అన్నాను. ఎందుకని అడగలేదు. నా ఒళ్ళో కాగితాల కట్టలో దాని కాగితమే పైన ఉంది.

తర్వాత తెలిసింది, పసివాడికి రెండు రోజులుగా విరేచనాలట. పళ్ళొచ్చే బిడ్డకు మామూలేనని, నీళ్ళు పోస్తే నీళ్ళే పోతాయని అవ్వ చుక్క తాగనివ్వలేదు. పాఠం ఒప్పజెప్పిన మనవరాలిని, "ఐదుగురిని పెంచినదాన్ని, నాకు చెప్పొచ్చినావా పంతులమ్మా?" అని ఎగతాళి చేసిందట. ఆమె చెడ్డది కాదు. ఆ రెండు రోజులూ వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. ఉదయం ఆరుంబావుకు ఉప్పు పొట్లం పట్టుకుని నేను వెళ్ళేసరికి, మార్కాపురం బస్సు కోసం వాణ్ణి ఎత్తుకుని పోయారు. బస్సు రాకముందే పోయాడు.

ఆ పిల్ల పదిహేడు రోజుల తర్వాత బడికి వచ్చింది. చంక ఖాళీగా ఉన్నా, అలవాటు కొద్దీ నడుము ఒక పక్కకు వంచే నిలబడేది. కాగితం ఇస్తే తీసుకోలేదు. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. వాళ్ళ అవ్వ ఒకనాడు దారిలో ఆపి, "నువ్వొచ్చి చెప్పుంటే ఇనేదాన్ని కదమ్మా, పసిదాని మాటేందనుకుంటి" అంది. నూట పది అడుగులు బడికి నడిచాను గానీ, ఆ పాఠం చెప్పడానికి ఆ అవ్వ గడపకు ఒక్కసారీ నడవలేదు. తర్వాత మా అరుగు మీద ఉప్పు జాడీ పెట్టాను, ఏ వేళనైనా తీసుకోండని. అత్తగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ జాడీ నింపుతూ వచ్చింది ఆవిడే.

ఇప్పుడు ఆ కొలతలన్నీ కలిపిన పొట్లాలు ప్రతి మందుల దుకాణంలో ఉన్నాయి. నీళ్ళు పట్టొద్దనే అవ్వల మాటలు ఇప్పుడు ఫోన్లు చెబుతున్నాయి, ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే ఏం చేస్తావమ్మా అని అడిగాను. అది కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అది పాఠంలో లేదవ్వా."

నా పాఠంలోనూ లేదు.