ఉప్పునీళ్ళ సామి

మొన్న కర్ణాటకలోని మా వై.ఎన్.హొసకోట నుంచి మా బావ నా ఫోనుకు ఒక ఫోటో పంపాడు. ఎత్తు టోపీ, చేతిలో వెండి కర్ర, చుట్టూ పూలు. కింద "మన ఉప్పునీళ్ళ సామి బిషప్పు అయినాడంట" అని రాశాడు. వేళాకోళమనుకుని ఫోటో పెద్దది చేసి చూశాను. జుట్టు నెరిసింది గానీ మనిషి ఆయనే. పొయ్యి మీద చారు ఇగిరిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.

వానల్లేక శనక్కాయ చేలు వరసగా ఎండిపోతున్న కాలం అది. నాకు ఏడేళ్ళు. కరువు ఊళ్ళలో బోర్లు వేయించే చర్చివాళ్ళతో ఆయన వచ్చాడు. అప్పటికింకా ఫాదరు కూడా కాలేదు, ఆ చదువులో ఉన్నాడు. వియత్నాం మనిషనీ, యుద్ధమయ్యాక చిన్న వయసులోనే పడవెక్కి దేశం దాటాడనీ, ఇంకేదో దేశం చేరదీసి చదివించిందనీ పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. బెంగళూరులో నేర్చిన కన్నడానికి మా తెలుగు కలిపి మాట్లాడేవాడు. నెల రోజులు మా ఇంట్లోనే తిన్నాడు. మొదటిరోజు రాగిసంగటి ముద్దను శ్రద్ధగా నములుతుంటే మా అవ్వ చూడలేక, "నమలగూడదప్పా, మింగాల. నమిలితే ఎన్ని పండ్లున్నా చాలవు" అంది. వారం తిరిగేసరికి మా నాయన కంటే వేగంగా మింగేవాడు. అవ్వకు ఆయనంటే ప్రాణం.

మా చేని గట్టున ఊరి కోసం వేసిన రెండు బోర్లు దుమ్ము కక్కాయి. మూడోది నీళ్ళు చిమ్మింది. ఊరంతా ఈలలు వేసింది. అవ్వ రెండు చెంబులు పట్టి, మొదటిది అతిథికిచ్చి, రెండోది నా చేతిలో పెట్టింది. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం నా చేతి మీద కొట్టాడు. చెంబు ఎగిరి మట్టిలో పడింది. ఏడవడం కూడా మరిచిపోయి ఆయన్నే చూస్తున్నాను. కరువులో తాగే నీళ్ళు నేలపాలు చేసిన మనిషిని మా ఊరు అంతవరకు చూడలేదు. అవ్వ వంగి చెంబు తీసి, అడుగున మిగిలిన చుక్కలు నాలుక మీద వేసుకుంది.

"ఉప్పునీళ్ళు. తాగితే చస్తారా ఏంది?" అంది.

"చచ్చింది. నా చెల్లి" అన్నాడు సామి.

కూలబడి, తడబడుతూ చెప్పాడు. పడవలో తాగే నీళ్ళు అయిపోయాయి. ఏడేళ్ళ చెల్లెలు నీళ్ళు నీళ్ళని ఏడిచింది. పెద్దవాళ్ళు వద్దన్నా వినక, వాళ్ళు కునుకు తీసినప్పుడు ఈయన దోసిలితో సముద్రం నీళ్ళు పట్టి తాపాడు. అడిగినప్పుడల్లా తాపాడు. రెండోరోజుకు పిల్ల లేదు. ఈ మాట కన్నతల్లికి కూడా చెప్పలేదట. "నేనే చంపినా" అన్నాడు.

బోరు బండి ఆపేశారు. అవ్వ పోయి ఆయన పక్కనే బురదలో కూచుంది.

"బిడ్డ నీళ్ళడిగింది, ఇచ్చినావు. నీకాడ ఉండేటివి అవే. ఇయ్యకుంటే గదప్పా పాపం."

ఆయన తలెత్తి, ఇంకోసారి చెప్పమన్నాడు. అవ్వ చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పింది, విసుక్కోలేదు.

ఫాదరయ్యాక, చర్చిలో తప్పులు ఒప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఎందరి పాపాలు ఆయన చెవిన పడి ఉంటాయో, వాళ్ళకు ఏం చెప్పి పంపాడో నాకు తెలియదు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన అరవైకి దగ్గరపడ్డాడు, నాకు చత్వారం వచ్చింది. ఆ పిల్లకు మాత్రం ఇంకా ఏడేళ్ళే, ఇంకా దాహమే.