పాలేరు కాదు, బానిస

డెబ్బైల్లో మా బెజవాడ వన్ టౌన్ ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు అప్పుడూ మొహమాటం లేదు, ఇప్పుడూ లేదు. తప్పు కనబడితే రాసినవారు ఎంతటివారైనా అడిగేసేదాన్ని.

ఒకసారి ఒక లెక్చరర్ గారు డిగ్రీ పిల్లల కోసం అమెరికా చరిత్ర గైడు రాసి తెచ్చారు. తొలి అధ్యక్షుల పాఠం కూరుస్తుంటే ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 'మొదటి అధ్యక్షుడి పొలాల్లో వందలమంది పాలేళ్ళు పనిచేసేవారు.' మా నాన్న హనుమాన్ జంక్షన్ దగ్గర ఏడాది జీతానికి కుదిరే పాలేరు. ఆ మాట అక్కడ చూసి నాకు ఒళ్ళు మండింది.

ఆయన ప్రూఫు చూడటానికి రాగానే అడిగాను.

"మాస్టారూ, వాళ్ళకి జీతం ఇచ్చేవారాండీ?"

"లేదమ్మా."

"ఏడాది నిండాక ఇంకో ఇంటికి పోనిచ్చేవారా?"

"ఎక్కడికి పోతారు? కొనుక్కున్న మనుషులు. వాళ్ళ పిల్లల్ని కూడా అమ్మేవారు."

"అయితే పాలేళ్ళెలా అవుతారండీ? మా నాన్న పాలేరే. ఓ ఆసామి చెయ్యిచేసుకుంటే, ఏడాది నిండగానే కండువా దులుపుకుని వచ్చేశాడు."

అంత పెద్దవాళ్ళ పక్కన బానిసలంటే కటువుగా ఉంటుందన్నారాయన. మా ఓనరు గారు నావైపు గుడ్లురిమారు. ఉద్యోగం ఊడితే ఊడిందనుకున్నాను.

"మనుషులంతా సమానమని రాసిన మూడో అధ్యక్షుడు కూడా అలాంటివాళ్ళతోనే సాగు చేయించాడని మీరే రాశారు కదండీ. చేయించుకున్నాయనకి లేని సిగ్గు అచ్చేసే మనకెందుకండీ?"

లెక్చరర్ గారు కలం తీసి, పాలేరన్న ప్రతిచోటా కొట్టేసి బానిస అని రాశారు. రెండో అధ్యక్షుడు బానిసల్ని ఎన్నడూ పెట్టుకోలేదన్న ముక్క కూడా తనే చేర్చారు. అన్ని సీసపు 'బా'లు మా దగ్గర లేకపోతే పక్క ప్రెస్సుకి వెళ్ళి అడిగి తెచ్చాను. ఆ రోజు బెజవాడ మొత్తంలో నా అంతటిది లేదనిపించింది.

ఆదివారం ఊరెళ్ళి నాన్నకి ఆ పేజీ చూపించాను. ఆయనకి చదువు రాదు. "ఇక్కడ నీ పనిపేరు పెట్టారు నాన్నా, తీయించేశాను" అని జరిగిందంతా చెప్పాను. నాన్న మురిసిపోయాడు. కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"మరి వాళ్ళకి ఏడాది ఎప్పుడు నిండిందే?" అన్నాడు.

"మొదటి అధ్యక్షుడు మాత్రం తన బానిసల్ని వదిలెయ్యమని వీలునామాలో రాశాడట. అంటే, ఆయన పోయాకే."

నాన్న పేజీని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఆ కొట్టిన ఆసామి దగ్గర నాకు ఒక్క ఏడాదే ఎంతకీ గడవలేదమ్మా."