కెప్టెన్ రెనాటో సెలవు రోజు

"తల్లిని మట్టి చేయడానికి కూడా పోలేదట. మామూలు జనంతో పడవ ఎక్కడం ఆయనకు నామోషీ అట" అని విమానం నడిపే రెనాటో గురించి మక్తాన్ దీవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తల్లి పోయిన కబురు అందగానే రెనాటో ఆఫీసుకు ఫోన్ చేసి, ఖననం రోజుకు సెలవు అడిగాడు.

"ఆ రోజు మీకు సెలవే కదా కెప్టెన్, మళ్లీ సెలవెందుకు? ఫోన్ మాత్రం దగ్గర పెట్టుకోండి. పిలిస్తే గంటలో ఎయిర్‌పోర్టులో ఉండాలి" అన్నారు అవతలివాళ్లు.

తల్లి ఊరున్న దీవికి పడవలో రెండు గంటల ప్రయాణం.

ఆ రోజు పొద్దున్నే రేవుకు బయల్దేరుతూ భార్య మెర్లీ, "వీడియో కాల్ చేస్తాను, అమ్మను చివరిసారి చూద్దువుగాని" అంది.

"వద్దు మెర్లీ, లైన్ ఖాళీగా ఉండాలి."

ఆమె వెళ్లాక, కిటికీకి వేలాడుతున్న యూనిఫాం చొక్కాకు సంతాపపు నల్ల పిన్ను గుచ్చి, పక్కనే కూర్చున్నాడు. పొరుగింటి తస్యో పందెం కోడిని చంకలో పెట్టుకుని గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏం కెప్టెన్, ఇవాళా సెలవేనా? నాకూ అలాంటి ఉద్యోగం చూసిపెట్టు బాబూ, ఇంట్లో కూర్చునే విమానం తోలతా!"

రెనాటో నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. తల్లిని సమాధిలోకి దించే వేళకు లేచి నిలబడి, ఫోన్ పట్టుకున్న చేత్తోనే శిలువ గుర్తు వేసుకున్నాడు.

చీకటిపడేదాకా ఆ ఫోన్ మోగలేదు. కంపెనీ లెక్కలో ఆ రోజు రెనాటోకు సెలవు.