చూడకుండా రాసిన ఎపిసోడ్

మొన్న ఆదివారం మా మేనకోడలి ఇంటికి భోజనానికని మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్‌లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తోంది. పక్కవాళ్ల ఫోన్‌లోకి తొంగిచూడటం మర్యాద కాదని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణే అయినా నా కళ్లు అటే పోయాయి, ఎందుకంటే ఆ తెరమీద తెల్లజుట్టు ముసలమ్మ ఒకతె పడవలో తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. అది రెండు వందల పదిహేడో ఎపిసోడ్ అని ఆ అమ్మాయికి గుర్తుంటుందో లేదో గానీ, నాకు నా పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. ఎల్బీనగర్ వచ్చేదాకా నేను మళ్లీ అటు తిరగలేదు.

మా ఈడు వాళ్లు నవ్వుకుంటారేమో, లెక్కల మాస్టారికి బొమ్మల కొట్లాటలతో ఏం పని అని. నిజానికి ఆ పిచ్చి మా అక్కది. బావ పోయాక అక్క నల్గొండ వైపు మా ఊరు వదిలి, కూతుర్ని తీసుకుని ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో దిగింది, జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం పిల్లల ఛానెల్‌లో ఆ సీరియల్ హిందీలో వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్టు మెట్టుకీ ఒక కోచింగ్ సెంటర్ బోర్డు వేలాడే ఆ రోజుల్లో నేను అలాంటి ఒక సెంటర్‌లో లెక్కలు చెప్పేవాణ్ణి. క్లాసుకీ క్లాసుకీ మధ్య అక్క ఇంటికి అన్నానికి వెళితే, ఆమె మిషన్ తొక్కటం ఆపి, సూదిలో దారం పట్టుకుని అలాగే తెరవంక చూస్తూ ఉండిపోయేది. మొదట్లో వెక్కిరించాను. నెల తిరక్కుండా నేనూ కంచం పట్టుకుని ఆమె పక్కన చేరాను.

కథ మంచి పట్టులో ఉండగా ఆ ఛానెల్ వాళ్లు ఎందుకో మధ్యలో ఆపేశారు. అదే సమయానికి అక్కకు చక్కెర జబ్బు ముదిరి ముందు చూపు పోయింది, తర్వాత కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలిసిస్ మొదలైంది. చేతి పని పోయింది, టీవీ పోయింది, రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేది. అంతటి మనిషి అలా కూర్చుంటే చూడలేక నేను ఒక పని పెట్టుకున్నాను. వారం వారం జపాన్‌లో వచ్చే కొత్త ఎపిసోడ్‌ను ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలతో చూసి, తెలుగులో సమీక్ష రాసి బ్లాగులో పెట్టేవాణ్ణి. అప్పటికి కాలేజీలో చేరిన మేనకోడలు దాన్ని ప్రింటు తీయించి, శనివారం దవాఖానలో అక్క ఆ మెషిన్‌కు కట్టేసినట్టు ఉండే నాలుగు గంటల్లో చదివి వినిపించేది.

నా సమీక్షకు ఒక పద్ధతి ఉండేది. ముందు కథ, తర్వాత యుద్ధం ఒక్కో దెబ్బా, ఎవరు ఏ కాలు ముందుకు వేశారో కూడా వదలకుండా, చివర పదికి ఇన్ని మార్కులని. బ్లాగుకు పదిమంది చదువరులు ఉండేవారేమో. వాళ్లు అవీ ఇవీ రాసేవాళ్లు, జవాబులూ ఇచ్చేవాణ్ణి, కానీ నేను రాసింది ఒక్క మనిషికి. అక్క మార్కుల దగ్గర నాతో పోట్లాడేది, ఆరు దాటి నాకు చెయ్యి రాదని, నా దగ్గర చదివే పిల్లల గతి ఏమిటోనని. ఆదివారం నేను వెళ్లినప్పుడు మాత్రం కథ నోటితో చెప్పనిచ్చేది కాదు. నోటితో అయితే నేను సగం మింగేస్తానట. ఏదైనా కాగితం మీదనే రావాలి.

హీరో అంటే ఆమెకు పెద్ద లెక్క లేదు. ఆమె ప్రాణమంతా ఆ హీరోకు విద్య నేర్పిన పడవ ముసలమ్మ మీద. కత్తులవాళ్లందరి మధ్యా తెడ్డుతో కొట్లాడే ఆ ముసలమ్మను అక్క అవ్వ అనేది, మా ఇంటి మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. రెండు వందల పదహారో ఎపిసోడ్ చివర అవ్వ పొట్టలో కత్తి దిగి పడవలో కూలిపోయింది. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి అక్క అన్నం ముట్టకుండా కూర్చుని ఉంది. డయాలిసిస్‌కు ఇక పోనని కూతురితో గొడవ పడిందట. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తి ఒక్కమాటే అడిగింది.

"తమ్మీ, అవ్వ లేస్తదా?"

శనివారం దాకా ఆగమన్నాను. ఆ మాటకు ఆ వారం దవాఖానకు వెళ్లటానికి ఒప్పుకుంది.

ఆ వారమే మా సెంటర్‌లో మోడల్ పరీక్షలు, దిద్దాల్సిన కట్టలు బల్ల మీద కొండలా ఉన్నాయి, రెండుసార్లు ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లినా ఎపిసోడ్ పూర్తిగా డౌన్‌లోడ్ కాలేదు. శుక్రవారం వచ్చేసింది. అప్పుడు నేను చేసిన పని ఇలాంటి సమీక్షలు రాసేవాళ్లకే తోచే పని. ప్రతి ఎపిసోడ్ చివరా వచ్చే వారం ఏం జరుగుతుందో అర నిమిషం పాటు ముక్కలు ముక్కలుగా చూపిస్తారు. అందులో అవ్వ తెడ్డు పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. అది పట్టుకుని మొత్తం సమీక్ష అల్లేశాను. అవ్వ లేచింది, ఒంటిచేత్తో తెడ్డు తిప్పింది, శత్రువు కత్తి రెండు ముక్కలైంది, పదికి ఎనిమిది. ఆ ముక్కల్ని నమ్మవద్దని, అవి చూసేవాళ్లను పక్కదారి పట్టించటానికే పెడతారని బ్లాగులో అందరికీ నీతులు చెప్పిన పెద్దమనిషిని నేనే.

సోమవారం ఎపిసోడ్ చూశాను. మొదటి ఐదు నిమిషాల్లోనే అవ్వ చనిపోయింది. ఆ నిలబడటం హీరో చిన్నప్పటి జ్ఞాపకంలోది. ఆ తర్వాత వచ్చిన మూడు ఎపిసోడ్లూ ఆమె దహనం, అస్థికలు నదిలో కలపటం, హీరో ఏడుపు. వాటి గురించి రాయాలంటే ముందు రాసింది అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేక రాయటమే మానేశాను. పరీక్షల కాలమని కబురు పంపి ఆదివారాలు వెళ్లటం కూడా మానేశాను. నాలుగు స్టాపుల దూరంలో ఉన్న అక్క ఇంటికి మూడు వారాలు వెళ్లలేదు, సిగ్గుతో. నాలుగో వారం అక్క పోయింది.

కాగితం కోసం ఎదురుచూస్తూ పోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా డయాలిసిస్ అన్న బోర్డు కనబడితే, లోపల ఎవరో ఒకామె కళ్లు మూసుకుని, తర్వాత ఏమైందని నన్నే అడుగుతున్నట్టు అనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మొన్న భోజనాలయ్యాక, మెట్రోలో చూసిన ఆ ముసలమ్మ కంటి ముందు నుంచి కదలక, మేనకోడలికి అంతా చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. గిన్నెలు సర్దటం ఆపి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకు ఆ పొద్దే తెల్సు మామ. నా దోస్తు చూసి చెప్పింది. అయినా నువ్వు రాసినట్టే చదివిన. అమ్మ ఆ దినం కడుపునిండ తిన్నది."

నేను ఆపేశాక మూడు శనివారాలూ తానే ఏదో తెల్ల కాగితం చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టు, కథ అల్లి చెప్పిందట. అవ్వను నది దాటించింది, కొత్త శత్రువుల్ని తెచ్చింది, చివర మార్కులు కూడా వేసిందట. మూడో శనివారం అక్క మధ్యలోనే చెయ్యి పట్టుకుని ఆపి, ఇది మీ మామ రాసింది కాదు కదా బిడ్డా అని అడిగిందట. కోపం తెచ్చుకుందా అని అడిగాను.

"కోపమెందుకు. మామ పానం ఎట్లున్నదో ఏమో, జర ఫోన్ చేసి కనుక్కో అన్నది. చేసిన. నువ్వు ఎత్తలే."

ఎత్తలేదు. ఆ ఫోన్ మోగటం నాకు గుర్తుంది. స్టాఫ్ రూమ్‌లో పేపర్లు దిద్దుతూ, అక్క ఇంటి నంబరు చూసి, మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో రైల్లో చుట్టూ అందరూ ఎవరి తెరలోకి వాళ్లు తలలు వంచి ఉన్నారు. ఇప్పుడు ఏ ఎపిసోడ్ అయినా, ఏ భాషలో అయినా, ఎవరికి వాళ్లు ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. చూపు లేనివాళ్లకు తెర మీద జరిగేది చదివి చెప్పే ఏర్పాట్లు కూడా వచ్చాయట. ఒక మనిషి వారమంతా ఇంకొక మనిషి మాట కోసం కాచుకుని ఉండే అవసరం పోయింది. పోవటమే మంచిదని నా బుద్ధి చెబుతుంది. కానీ అక్క నా మాట కోసం కాచుకున్నట్టు నా కోసం మళ్లీ ఎవరూ కాచుకోలేదు. ఆ రోజు ఫోన్ ఎత్తి, అవ్వ చనిపోయిందక్కా, నేను చూడకుండా రాశాను అని చెప్పటానికి ఒక్క నిమిషం పట్టేది. అక్క తట్టుకునేది. తట్టుకోలేనివాణ్ణి నేనే.