తొమ్మిదిమంది చూసిన పాఠం

మంచుకొండల నడుమ ఉన్న నారిన్ ఊరి టీచర్ల కాలేజీలో ఆన్‌లైన్ విభాగం అంటే సైరగుల్, ఒక కెమెరా, మెట్ల కింద గది. మంచుకు కొండదారులు మూసుకుపోయి మారుమూల ఊళ్ళలో చిక్కుకున్న విద్యార్థులకు ఆమె చేసి పంపే వీడియోలే కాలేజీ. అరవై నాలుగు మందిలో పాఠం చివరిదాకా చూసినవాళ్ళు తొమ్మిదిమంది. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. మార్చి ముగిసేలోగా లెక్క మారకపోతే విభాగం ఎత్తేస్తానని డైరెక్టర్ తుర్దుబెక్ చెప్పేశాడు.

రాజధానిలో శిక్షణ సదస్సు ఉందని తెలిసి తుర్దుబెక్ దగ్గరికి వెళ్ళి అడిగింది.

"అగాయ్, నన్ను పంపండి," అంది, అక్కడ పెద్ద మాస్టార్లను పిలిచే పిలుపుతో.

"డిప్యూటీ అసిల్‌బెక్ వెళ్తాడులే. హోదా ఉన్నవాడు."

"ఆయనకి పాస్‌వర్డు కూడా నేనే కొట్టిపెట్టాలి అగాయ్."

"అందుకేగా, నువ్విక్కడ ఉండాలి!"

అసిల్‌బెక్ వెళ్ళాడు, సర్టిఫికెట్ తెచ్చి గోడకు తగిలించాడు. ఏం చెప్పారని అడిగితే భోజనాలు బాగున్నాయన్నాడు. చదువు చెప్పే చోట కూడా నేర్చుకునే హక్కు కుర్చీకే దక్కుతుంది, మనిషికి కాదు.

సైరగుల్ ఏడుస్తూ కూర్చోలేదు. స్నేహితులు నెలకొకరి ఇంట్లో వంతులవారీగా పెట్టుకునే విందు, షెరినె, ఉండనే ఉంది. తనలాగే వేరే కాలేజీల మూలగదుల్లో ఆన్‌లైన్ పాఠాలు చేస్తూ పడి ఉన్న ఇద్దరికి ఫోన్ చేసింది. శనివారం మధ్యాహ్నం కోచ్కోర్ నుంచి ఎమిల్, అత్‌బాషీ నుంచి బూరుల్ వచ్చారు. పెద్దవాడని ఎమిల్‌ను పైవరసలో కూర్చోబెట్టింది.

"మీ పాఠాలెలా నడుస్తున్నాయి బైకే?" అని అన్నగారిని అడిగినట్టు అడిగింది.

"భేషుగ్గా!" అన్నాడు ఎమిల్, మాంసం కోస్తూ.

"మాకూ అంతే ఎజే," అంది బూరుల్, అక్కను పిలిచినట్టు.

గంట గడిచినా అదే పాట. తను చేసిన తప్పేమిటో సైరగుల్‌కు అప్పుడు తెలిసింది. రొట్టె ముందు కూర్చున్న అతిథి తన గోడు వెళ్ళబోసుకోడు, అది మర్యాద కాదు. విందు పరచి నిజం అడిగితే ఎక్కడినుంచి వస్తుంది? ఆమె అరచేతులు చాచింది. ముగ్గురూ దీవెన పలికి చేతులు మొహానికి తాకించుకున్నారు. అంటే భోజనం ముగిసినట్టే. రొట్టెను గుడ్డలో మూటగట్టి లోపల పెట్టి, ఖాళీ బల్లమీద కంప్యూటర్ తెరిచింది.

"ఇదీ నా పరువు. అరవై నాలుగుకి తొమ్మిది."

ఎమిల్ తెర దగ్గరికి జరిగాడు.

"మాకు ఏడుగురమ్మా."

బూరుల్ పాఠం ఆడించి చూసి ఫక్కున నవ్వింది.

"నలభై నిమిషాలా ఎజే! సిగ్నల్ కోసం వాళ్ళు గుట్టెక్కాలి. ఆ చలిలో నీ పాఠం అయ్యేసరికి చూసేవాడు గడ్డకట్టుకుపోతాడు!"

"మరి నువ్వేం చేస్తున్నావే?"

"ఆరు నిమిషాలు, ఒట్టి గొంతు. గుట్టమీద ఫోన్లోకి దించుకుంటారు, పొయ్యి పక్కన వింటారు."

మూడు వారాల్లో సైరగుల్ తన ఇరవై రెండు పాఠాలూ అలాగే మళ్ళీ చేసింది. గొంతు పోతే వేడిపాలు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. మార్చిలో ముప్పై ఎనిమిదిమంది చివరిదాకా విన్నారు.

"సరే, విభాగం ఉంటుంది," అన్నాడు తుర్దుబెక్, ఆమె జరిగిందంతా చెప్పాక. "కానీ మన లోటుపాట్లు పరాయి కాలేజీవాళ్ళ ముందు పెడతావా? సిగ్గులేదూ?"

"పెట్టాను కాబట్టే మిగిలాం అగాయ్. వచ్చే శనివారం కోచ్కోర్‌లో షెరినె. ఎమిల్ బైకే ఏడుగురి సంగతి చూడాలి. సెలవు చీటీ తెచ్చాను."

"చూద్దాంలే, వెళ్ళు."

సైరగుల్ చీటీని ఆయన ముందుకు జరిపి, పైన కలం పెట్టి, అక్కడే నిలబడింది.